ఉదయం 8:44:08కి ఏమవుతుంది?

2022 జనవరి 1న లోకమంతా కొత్త సంవత్సరం శుభాకాంక్షలు పంపుకుంటుంటే, మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ సర్వర్లను సొంతంగా నడుపుకునే చాలా సంస్థల్లో అవి ఎవరికీ అందలేదు. మెయిళ్లన్నీ క్యూలో ఇరుక్కుపోయాయి. సెలవు రోజున ఇంట్లో ఉన్న సిస్టమ్ అడ్మిన్లు హడావుడిగా ల్యాప్‌టాప్‌లు తెరిచారు. వైరస్ లేదు, హ్యాకర్ లేడు, కరెంటు పోలేదు. ఎక్స్ఛేంజ్‌లో మాల్వేర్‌ను వడగట్టే భాగం తన వెర్షన్‌కు తేదీనే నంబరుగా వాడుకునేది: సంవత్సరంలో చివరి రెండంకెలు, నెల, రోజు, ఆ తర్వాత మరో నాలుగంకెలు. 2021 ఉన్నంతకాలం ఆ నంబరు 21తో మొదలైంది, ఏ చిక్కూ రాలేదు. క్యాలెండర్ మారగానే అది 2201010001 అయి కూర్చుంది. దాన్ని దాచడానికి కేటాయించిన చోటులో పట్టే అతి పెద్ద సంఖ్య 2147483647. పట్టలేదు. వడపోత కుప్పకూలింది. వడగట్టని మెయిల్‌ను ముందుకు పంపకూడదు కాబట్టి అన్నీ ఆగిపోయాయి.

214 కోట్ల 74 లక్షల 83 వేల 647 అనే ఈ సంఖ్య కంప్యూటర్లు తెలిసినవాళ్లకు పాత పరిచయమే. 32 బిట్లలో ఒకటి ప్లస్సా మైనస్సా అని చెప్పడానికి పోతే, మిగిలిన 31 బిట్లలో ఇమిడే గరిష్ఠం అది. యూనిక్స్, దాని వారసులైన సిస్టమ్‌లన్నీ కాలాన్ని సెకన్లలో లెక్కిస్తాయి. లెక్క 1970 జనవరి 1న గ్రీనిచ్ అర్ధరాత్రి మొదలవుతుంది. భారత కాలమానంలో అది ఉదయం 5:30. ఫోన్‌లో ఏ ఫొటోకో, మెసేజ్‌కో 1970 జనవరి 1, ఉదయం 5:30 అన్న తేదీ కనిపిస్తే, పాపం ఆ సాఫ్ట్‌వేర్‌కు అసలు తేదీ తెలియక సున్నాను చూపిస్తోందన్నమాట. సెకన్లను 32 బిట్లలో దాచుకునే యంత్రానికి ఈ లెక్క 2038 జనవరి 19, మంగళవారం, మన గడియారంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండిపోతుంది. మరుసటి సెకనులో ప్లస్ కాస్తా మైనస్ అవుతుంది, తేదీ గ్రీనిచ్ లెక్కన 1901 డిసెంబర్ 13కు వెళ్లిపోతుంది. పంచాంగం ప్రకారం పింగళ నామ సంవత్సరంలో ఉన్న యంత్రం రెప్పపాటులో 136 ఏళ్లు వెనక్కి దొర్లి ప్లవ నామ సంవత్సరంలో తేలుతుంది.

ఇంత తక్కువ గడువు పెట్టినవాళ్లకు ముందుచూపు లేదనడం అన్యాయం. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ రాసిన తొలి రోజుల్లో పరిస్థితి ఇంతకన్నా ఘోరం. 1971 నాటి మొదటి మాన్యువల్ ప్రకారం కాలాన్ని సెకనులో అరవయ్యో వంతు చొప్పున, 1971 జనవరి 1 నుంచి లెక్కించేవారు. ఆ లెక్కన 32 బిట్లు రెండేళ్ల మూడు నెలలకే నిండిపోతాయి. ఈ సంగతి వాళ్లు దాచలేదు కూడా, ప్రతి 2.26 ఏళ్లకు ఒక సంక్షోభం ఖాయమని ఆ మాన్యువల్లోనే, లోపాల కింద రాసుకున్నారు. తర్వాత పూర్తి సెకన్లకు మారి 68 ఏళ్ల గడువు సంపాదించారు. ఒక్కో బిట్‌కూ పొదుపు పాటించిన ఆ కాలంలో, ల్యాబ్‌లో పుట్టిన ఒక ప్రయోగం 2038 దాకా బతుకుతుందని ఎవరు మాత్రం ఊహిస్తారు?

మందు ఏమిటో అందరికీ తెలుసు. 32 బిట్లకు బదులు 64 బిట్లు కేటాయిస్తే లెక్క 29,000 కోట్ల ఏళ్లకు పైగా సాగుతుంది. విశ్వం వయసే దాదాపు 1,380 కోట్ల ఏళ్లు. ఈ పని చాలావరకు జరిగింది కూడా. యూనిక్స్ వారసుల్లో 2012లో నెట్‌బీఎస్‌డీ 6.0, 2014 మేలో ఓపెన్‌బీఎస్‌డీ 5.5 పాత 32 బిట్ యంత్రాల మీద కూడా కాలాన్ని 64 బిట్లకు మార్చేశాయి. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లది మొండి పద్ధతి. పాత ప్రోగ్రాములు నడవకపోతే మళ్లీ కంపైల్ చేసుకోండి అన్నారు, అంతే. విడుదలకో పాట కట్టే అలవాటున్న ఆ బృందం ఈసారి పాటకు ‘ర్యాప్ ఇన్ టైమ్’ అని పేరు పెట్టింది.

లినక్స్‌కు ఆ సౌలభ్యం లేదు. నిన్న నడిచిన ప్రోగ్రామ్ రేపు కూడా నడిచి తీరాలన్నది అక్కడి శాసనం. అందుకే పాత సిస్టమ్ కాల్స్‌ను అలాగే ఉంచి, వాటి పక్కనే 64 బిట్ల కాలం తెలిసిన కొత్తవాటిని నిలబెట్టారు. ఆర్న్డ్ బెర్గ్‌మాన్ వంటి డెవలపర్లు ఏళ్ల తరబడి ఒక్కో డ్రైవర్‌నీ, ఒక్కో ఫైల్ సిస్టమ్‌నీ గాలించుకుంటూ పోయారు. కొత్త కాల్స్ 2019లో 5.1 కెర్నెల్‌తో వచ్చాయి. 2020 మార్చిలో 5.6 విడుదలయ్యేసరికి 32 బిట్ లినక్స్ 2038 దాటగల స్థితికి చేరింది. కెర్నెల్ ఒక్కటి మారితే సరిపోదు, దాని మీద ఉండే సి లైబ్రరీ కూడా మారాలి. జీలిబ్‌సీ అనే ఆ లైబ్రరీలో ఆ వెసులుబాటు 2021 ఆగస్టులో వచ్చింది, అదీ అడిగి తీసుకున్నవాళ్లకే. ఆ పైన డిస్ట్రిబ్యూషన్ల వంతు. డెబియన్ 2024లో వందలాది లైబ్రరీలకు పేరు చివర ‘టీ64’ తగిలించి, వాటి మీద ఆధారపడ్డ ప్రోగ్రాములను మళ్లీ కంపైల్ చేయించింది. ఆ మార్పులు 2025 ఆగస్టులో డెబియన్ 13గా జనం చేతికి వచ్చాయి. అందులోనూ ఇంటెల్ 32 బిట్ వెర్షన్‌ను తెలిసే వదిలేశారు. దాన్ని ఇంకా వాడుతున్నవాళ్లకు పాత ప్రోగ్రాములు నడవడమే ముఖ్యం కాబట్టి. ఇక 32 బిట్ ఆండ్రాయిడ్‌లో కాలం నేటికీ 32 బిట్లే.

అంటే కాలాన్ని దాచే ఒక రకాన్ని 32 బిట్ల నుంచి 64కు మార్చడానికి ప్రపంచంలోని అత్యంత సమర్థులైన ప్రోగ్రామర్లకు పదేళ్లకు పైగా పట్టింది. అయినా పని పూర్తి కాలేదు. ఎక్కడో ఒక ప్రోగ్రామర్ ఆ 64 బిట్ల కాలాన్ని తీసుకుని మామూలు పూర్ణాంకంలో దాస్తాడు. చాలాసార్లు కంపైలర్ నోరెత్తదు, పై 32 బిట్లు రాలిపోతాయి. డిస్కు మీద, నెట్‌వర్క్ ప్యాకెట్‌లో, డేటాబేస్ పట్టికలో ఎప్పుడో నిర్ణయించిన వెడల్పులు అలాగే ఉండిపోతాయి. మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్ అనే రకం 2038 జనవరి 19 దగ్గరే ఆగిపోతుంది, కింద ఉన్న ప్రాసెసర్ ఎన్ని బిట్లదైనా సరే. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ 2020 చివర్లో వచ్చిన 5.10 కెర్నెల్ నుంచి 2486 వరకు తేదీలు రాయగలదు, కానీ పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కు తనంతట తాను మారదు. అలాంటి డిస్కును తగిలించినప్పుడు, ఇది 2038 వరకే తేదీలు దాచగలదని లినక్స్ లాగ్‌లో ఒక వాక్యం రాస్తుంది. అడ్మిన్లు దాన్ని చూసి నవ్వుకుని పక్కన పెడతారు. దాని వెనక మంచి నిర్ణయమే ఉంది. 5.4 కెర్నెల్ నుంచి, డిస్కులో పట్టని తేదీ వస్తే దాన్ని 1901లోకి తిరగనివ్వరు, పట్టే ఆఖరి తేదీ దగ్గర ఆపేస్తారు. అదీ తప్పు తేదీయే. కానీ వెనక్కి దొర్లే తేదీ కన్నా నిలిచిపోయిన తేదీ చేసే నష్టం తక్కువ.

ఓవర్‌ఫ్లో అవుతుందేమోనని భయపడి రాసిన జాగ్రత్త కూడా ఒక్కోసారి మాయమైపోతుంది. ఇప్పటి సమయానికి కొంత గడువు కలపాలి. కలిపాక వచ్చిన మొత్తం మొదటి సమయం కన్నా చిన్నదైతే లెక్క తిరగబడిందని గుర్తించాలి. ఎవరైనా ఇలాగే రాస్తారు, చదవడానికి సబబుగానే ఉంటుంది. సి ప్రమాణం మాత్రం ప్లస్ మైనస్ గల పూర్ణాంకాల్లో ఓవర్‌ఫ్లో వస్తే ఏం జరగాలో చెప్పదు. అలాంటిది జరగదని అనుకునే హక్కు కంపైలర్‌కు ఇస్తుంది. కంపైలర్ ఆ హక్కును పూర్తిగా వాడుకుంటుంది. ఒక సంఖ్యకు సున్నా కన్నా పెద్దది కలిపితే మొత్తం ఎలా తగ్గుతుంది, ఈ పరీక్ష దండగ అని తీర్మానించి దాన్ని తీసిపారేస్తుంది. ఆప్టిమైజేషన్ పెంచిన జీసీసీ కంపైలర్ నిజంగానే ఈ పని చేస్తుంది. సోర్స్ కోడ్‌లో పరీక్ష కళ్లెదుటే ఉంటుంది, నడిచే ప్రోగ్రామ్‌లో ఉండదు. అందుకే అనుభవజ్ఞులు కలపక ముందే పరీక్షిస్తారు: గరిష్ఠం నుంచి ఇప్పటి సమయం తీసేస్తే ఎంత చోటు మిగిలింది, గడువు అందులో పడుతుందా అని. లేదా ఓవర్‌ఫ్లో అయితే తేల్చి చెప్పే కంపైలర్ సొంత ఫంక్షన్లు వాడతారు. లినక్స్ కెర్నెల్ అయితే ఈ తెలివితేటలు తన దగ్గర వద్దని కంపైలర్‌కు ఒక ఫ్లాగ్‌తో ముందే చెప్పి మరీ తయారవుతుంది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా తప్పు ఎందుకు మిగులుతుంది? ఎందుకంటే ఆ క్షణం వచ్చేదాకా ఎవరూ ఆ కోడ్‌ను నడిపి చూడరు. విండోస్ 95 మిల్లీసెకన్లను 32 బిట్లలో లెక్కించేది, 49.7 రోజులకు నిండిపోయేది, ఆపై సిస్టమ్ బిగుసుకుపోయేది. విండోస్ 95 అన్ని రోజులు ఆగకుండా నడవడమే గగనం కాబట్టి ఆ లోపం బయటపడటానికి ఏళ్లు పట్టింది. అదే 49.7 రోజుల లెక్క 2004 సెప్టెంబర్ 14న దక్షిణ కాలిఫోర్నియా ఆకాశంలో నవ్వులాటగా మిగల్లేదు. లాస్ ఏంజెలెస్ ప్రాంతపు గగనతల కేంద్రంలో పైలట్లతో మాట్లాడే వ్యవస్థను 30 రోజులకోసారి రీస్టార్ట్ చేయాలన్నది నియమం. ఒకసారి చేయలేదు. కౌంటర్ నిండగానే వ్యవస్థ ఆగిపోయింది, దానికి తోడుగా పెట్టిన బ్యాకప్ కూడా నిలబడలేదు. గాల్లో వందల విమానాలుండగా కంట్రోలర్ల గొంతు మూగబోయింది. 2015లో బోయింగ్ 787 విషయంలో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఒక ఆదేశం ఇచ్చింది: జనరేటర్లను నియంత్రించే యూనిట్లు 248 రోజులు ఆగకుండా పనిచేస్తే వాటిలోని కౌంటర్ నిండిపోయి, విమానంలో ఏసీ కరెంటు మొత్తం పోవచ్చు, కాబట్టి మధ్యలో ఆపి మళ్లీ ఆన్ చేయండి అని. సెకనులో వందో వంతు చొప్పున లెక్కిస్తే 31 బిట్లు నిండటానికి పట్టేది సరిగ్గా అన్ని రోజులే. ఇది గాల్లో కాదు, ప్రయోగశాలలో దొరికింది. ఎందుకు దొరికిందంటే ఎవరో అక్కడ పరీక్షించి చూశారు కనుక.

లినక్స్ దీనికి కనిపెట్టిన ఉపాయం ఆపరేటింగ్ సిస్టమ్‌ల చరిత్రలోనే అతి తెలివైనవాటిలో ఒకటి. కెర్నెల్ లోపల టైమర్ ఎన్నిసార్లు కొట్టిందో లెక్కించే కౌంటర్‌ను జిఫీస్ అంటారు. 32 బిట్ యంత్రాల్లో, సెకనుకు వంద చొప్పున కొడితే, అది 497 రోజులకు నిండుతుంది. డ్రైవర్ రాసినవాడు తన టేబుల్ మీద 497 రోజులు పరీక్షించడు. వాడి తప్పు ఏ బ్యాంకు సర్వర్లోనో పదహారు నెలల తర్వాత పేలుతుంది. కాబట్టి కౌంటర్‌ను సున్నా దగ్గర మొదలుపెట్టడం మానేశారు. నిండటానికి ఇంకా ఐదు నిమిషాలే ఉందనగా ఉండే విలువ దగ్గర మొదలుపెట్టారు. అలాంటి ప్రతి యంత్రం, ఆన్ చేసిన ప్రతిసారీ, ఐదు నిమిషాలకు ఓవర్‌ఫ్లోను దాటి తీరాలి. తప్పు కోడ్ రాసినవాడి కాఫీ చల్లారకముందే వాడి యంత్రం మీదే తప్పు బయటపడుతుంది. ఎప్పుడో రావలసిన ముప్పును ఇవాళ్టికి లాగి, అందులోంచి రోజూ నడవడం. ఆపరేటింగ్ సిస్టమ్‌లలో కాలానికి భద్రత అంటే ముఖ్యంగా ఇదేనని గట్టిగా వాదించవచ్చు. బిట్లు పెంచడం దీని ముందు చిన్న పని.

బిట్లు పెంచినచోట కూడా అదే కెర్నెల్ ఒళ్లు దగ్గర పెట్టుకుంటుంది. 64 బిట్లలో నానోసెకన్లు లెక్కిస్తే గడువు 2262లో ముగుస్తుంది. అందుకని 2232 దాటిన తేదీని ఎవరైనా సెట్ చేయబోతే లినక్స్ ఒప్పుకోదు. ఆ ముప్పై ఏళ్ల తేడా ఎందుకంటే, ఆ తర్వాత రీస్టార్ట్ చేయకుండా ముప్పై ఏళ్లు నడిపినా హద్దు దాటకూడదని. 64 బిట్లు ఉన్నాయిలే అనుకుంటే ఏమవుతుందో 2016లో ఐఫోన్లు చూపించాయి. 64 బిట్ ఐఫోన్‌లో తేదీని 1970 జనవరి 1కి మార్చి రీస్టార్ట్ చేస్తే మళ్లీ లేచేది కాదు. ఆకతాయిలకు కొన్నాళ్లు పండగ. యాపిల్ ఐఓఎస్ 9.3తో దాన్ని సరిదిద్దింది.

ముందుకు లాగి చూడటమన్నది కొందరికి అనుకోకుండానే జరిగిపోయింది. 2006 మేలో ఏఓఎల్ సర్వర్ అనే వెబ్ సాఫ్ట్‌వేర్ వాడే సైట్లు ఉన్నట్టుండి పడిపోయాయి. డేటాబేస్ జవాబు కోసం ఎంతసేపైనా ఆగమని చెప్పాలనుకున్నవారు సెట్టింగ్‌లో 100 కోట్ల సెకన్లు, అంటే దాదాపు 32 ఏళ్లు, అని రాశారు. ఆ రోజు సమయానికి 100 కోట్లు కలిపితే 2038 దాటిపోయింది. 2008లో 30 ఏళ్ల గడువుతో ఇంటి రుణం లెక్క వేసిన సాఫ్ట్‌వేర్ కూడా ఇదే గీత మీద అడుగు పెట్టింది. నేడు 20 ఏళ్ల వాయిదాలు మొదలుపెట్టే ప్రతి కుటుంబం చేతిలోని షెడ్యూల్ 2038ని అవలీలగా దాటుతోంది. రోజూ దూర భవిష్యత్తును లెక్కించే వ్యాపారాలకు ఈ పరీక్ష ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడేం టైమైంది అని మాత్రమే అడుగుతూ మూల కూర్చునే చిన్న యంత్రాలకు ఇంకా కాలేదు.

పైగా 2038 ఒంటరిగా రావడం లేదు. ఇంటర్నెట్‌లో గడియారాలను సరిచేసే ఎన్‌టీపీ 1900 నుంచి సెకన్లు లెక్కిస్తుంది, దాని 32 బిట్లు 2036 ఫిబ్రవరి 7నే నిండుతాయి. జీపీఎస్ ఉపగ్రహాల పాత సంకేతంలో వారం సంఖ్యకు 10 బిట్లే, 1024 వారాలకోసారి సున్నాకు వస్తుంది. మన అరవై సంవత్సరాల చక్రం లాంటిదే ఇది: పెద్దాయన ప్రభవలో పుట్టానంటే 1927 ప్రభవా 1987 ప్రభవా అన్నది మనిషిని చూసి తేల్చుకుంటాం, శాసనాల్లో అయితే పక్కనే శక సంవత్సరం చూస్తాం. జీపీఎస్ రిసీవర్‌కు ఆ రెండో ఆధారం లేకపోతే దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి పోతుంది. 2019 ఏప్రిల్‌లో ఈ చక్రం తిరిగినప్పుడు న్యూయార్క్ నగరపాలక సంస్థ సొంత వైర్‌లెస్ నెట్‌వర్క్ రోజుల తరబడి పనిచేయలేదు. ఎన్నేళ్లకోసారి తిరుగుతుందో వ్యవస్థ మొదలైన నాడే తెలిసిన తేదీ అది. మళ్లీ తిరిగేది 2038 నవంబర్‌లో.

ఈ మాటలు విని పెదవి విరిచేవాళ్లకు ఒక జ్ఞాపకం ఆధారం: 2000 సంవత్సరం నాటి తేదీల గొడవ, వై2కే. ప్రపంచం ఆగిపోతుందన్నారు, ఏమీ కాలేదు కదా అని. తెలుగువాళ్లకు ఈ వాదన మరీ నప్పదు. ఆ ఏమీ కాకపోవడం వెనక పనిచేసినవాళ్లలో వేలాదిమంది మనవాళ్లే. అమీర్‌పేట గదుల్లో కోబాల్ నేర్చుకుని విమానమెక్కిన తరం అది. అమెరికా హెచ్1బీ వీసాల వార్షిక పరిమితిని 65,000 నుంచి 1,15,000కు పెంచిన 1998లోనే, హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. వాళ్లు లక్షల వరుసల కోడ్ తిరగేసి రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలు చేశారు. కళ్లుగప్పి మిగిలిపోయినవి ఊరుకోలేదు కూడా. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఒక ఆస్పత్రి కంప్యూటర్ గర్భిణుల వయసును తప్పుగా లెక్కగట్టి, 154 మందికి డౌన్ సిండ్రోమ్ ముప్పు గురించి తప్పు ఫలితాలు ఇచ్చింది. కంప్యూటర్ ఆగిపోయి ఉంటే ఎవరైనా వెంటనే గమనించేవారు. అది ఆగలేదు, నెలల తరబడి నింపాదిగా తప్పు చెబుతూ పోయింది.

వై2కే నాటి కోడ్ పెద్ద కంప్యూటర్లలో, తెలిసిన గదుల్లో ఉండేది. ఇప్పటి 32 బిట్ల గడియారాలు స్తంభాల మీద, గోడల వెనక, పంపుసెట్ల పక్కన చెదిరి ఉన్నాయి. దేశంలో 25 కోట్ల స్మార్ట్ ప్రీపెయిడ్ మీటర్లు బిగించాలన్నది కేంద్రం లక్ష్యం. రేషన్ దుకాణంలో ఈ-పోస్, ఆర్టీసీ కండక్టర్ చేతిలో టిమ్, సబ్‌స్టేషన్‌లో రిలే, చౌరస్తాలో సిగ్నల్ కంట్రోలర్, ఆస్పత్రిలో ఇన్ఫ్యూజన్ పంపు: వీటిలో ఏది ఏ కెర్నెల్ మీద నడుస్తోందో, కాలాన్ని ఎన్ని బిట్లలో దాస్తోందో కొన్నవాళ్లు అడగరు, అమ్మినవాళ్లు చెప్పరు. కొన్నిటిలో ఇబ్బందే ఉండకపోవచ్చు. అది కాగితం మీద తేలాలి. ఇప్పుడు కొన్న సబ్‌స్టేషన్ పరికరం పదిహేనేళ్లు పనిచేస్తుందని లెక్క వేసుకునే విద్యుత్ సంస్థకు 2038 భవిష్యత్తు కాదు, ఆ పరికరం ఆయుష్షులోనే వచ్చే ఒక మంగళవారం.

అందుకని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ తమ టెండర్ పత్రాల్లో చేర్చాల్సింది చాలా చిన్న షరతు. గడియారం ఉన్న ప్రతి పరికరాన్నీ కొనేముందు 2036 ఫిబ్రవరి 6కు, తర్వాత 2038 జనవరి 18కి తేదీ మార్చి, రెండుసార్లూ ఆగకుండా రెండ్రోజులు నడపాలి. ఆ రెండ్రోజులూ రాసిన లాగ్‌లు, బిల్లులు, ఫైళ్ల తేదీలు చూడాలి. హద్దు దాటాక ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయాలి, ఎందుకంటే చాలా లోపాలు నడుస్తున్నప్పుడు దాక్కుని లేచేటప్పుడు బయటపడతాయి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసే దారి లేని పరికరం ఇందులో తప్పితే కొనకూడదు. పరీక్ష కూడా వాడుకలో ఉన్న యంత్రం మీద చేయకూడదు; తేదీని అన్నేళ్లు ముందుకు జరపగానే సెక్యూరిటీ సర్టిఫికెట్లన్నీ గడువు తీరిపోయినట్టు కనిపించి సర్వర్లు మాట్లాడటం మానేస్తాయి, లైసెన్సులు చెల్లవంటాయి, తేదీని వెనక్కి తెచ్చాక కూడా కొన్ని రికార్డులు భవిష్యత్తులోనే ఉండిపోతాయి. విడిగా, నెట్‌వర్క్‌కు దూరంగా ఉంచిన ఒక నమూనా చాలు. దానికయ్యే ఖర్చు ఒక పరికరం, ఒక ఇంజనీరు, ఒక వారం.